చెరువుగట్టు ఈగలు

మస్తాన్‌కు రెండోసారి పక్షవాతం వచ్చి ఎడమ చెయ్యి కూడా పడిపోయిన రోజున నాగూర్ బీకి ముందుగా గుర్తొచ్చింది ఈగల సంగతి.

గుడివాడలో ఆసుపత్రి వరండాలో డాక్టరుగారు ఏవేవో జాగ్రత్తలు చెబుతున్నారు. అన్నం మెత్తగా పిసికి పెట్టాలి, రెండు గంటలకోసారి పక్కకు తిప్పాలి, లేకపోతే నడుం కింద పుండ్లు పడతాయి. ఆమె అన్నిటికీ తల ఊపుతూనే మొగుడి మొహం వంక చూస్తోంది. ఎక్కణ్ణుంచి వచ్చిందో ఒక ఈగ అతని పెదవి చివర వాలి, చెంప మీదుగా నడుచుకుంటూ కంటి దాకా వెళ్లింది. కిందటి వారం దాకా అయితే ఎడమ చేత్తో తోలుకునేవాడు. ఇప్పుడు రెప్ప ఒక్కటే టపటపా కొట్టుకుంది. ఈగ లేచి మళ్లీ అక్కడే వాలింది.

నాగూర్ బీ కొంగుతో విసిరింది. ఆసుపత్రిలో ఉన్నది ఒక్క ఈగ. ఈ మనిషిని తను తీసుకెళ్లబోయే ఊళ్లో ఉన్నవాటికి లెక్కే లేదు.

ఆ ఊరు గుడివాడ నుంచి బందరు వెళ్లే రోడ్డు దిగి రెండు కిలోమీటర్లు లోపలికి వెళితే వస్తుంది. దూదేకుల వీధి ఊరికి చిట్టచివర. వీధి దాటితే మురుగు కాలవ, కాలవ దాటితే ఒకప్పుడు వరి చేలు. ఇప్పుడు కనుచూపు మేర చేపల చెరువులే.

నాగూర్ బీ పుట్టింది బందరులో. పంతొమ్మిదో ఏట కోడలిగా ఈ వీధికి వచ్చింది. అప్పటికి మస్తాన్ సైకిల్ వెనక దూదేకే విల్లు కట్టుకుని ఊళ్లు తిరిగేవాడు. ఎవరింటి ముందు పని ఒప్పుకున్నా, ఉతికిన దుప్పటి ఒకటి నేల మీద పరిచి, కాళ్లు కడుక్కుని, అప్పుడు గాని దూది ముట్టుకునేవాడు కాదు. "మనిషి పుట్టేదీ పోయేదీ దీనిమీదే. మట్టి కాళ్లతో తొక్కితే ఎలా?" అనేవాడు. పెళ్లిళ్ల కాలంలో చుట్టుపక్కల పది ఊళ్ల నుంచి అతని పరుపుల కోసం వచ్చేవాళ్లు. అతను దూది కూరితే ఆమె సూది పట్టి అంచులు కుట్టేది. ఒకే ఒక్క కూతురు మెహక్‌ను చిలకలపూడిలో రోల్డుగోల్డు పని చేసే కుర్రాడికిచ్చి పెళ్లి చేశారు. తరువాత స్పాంజి పరుపులు వచ్చి పని పలచబడింది. అయినా ఇద్దరికీ లోటు లేకుండా గడిచింది. మూడేళ్ల క్రితం ఒక పొద్దున పళ్లు తోముకుంటూ మస్తాన్ కుప్పకూలిపోయాడు. కుడి పక్క పోయింది. మాట కూడా పోయింది, ఒక్క మాట తప్ప. 'ఇదిగో' అనే మాట మిగిలింది. నీళ్లు కావాలన్నా ఇదిగో, నొప్పెడుతున్నా ఇదిగో, కూతురు వస్తే నవ్వుతూ ఇదిగో.

అదే ఏడు విక్రమ్ అనే ఆయన కాలవ అవతల అరవై ఎకరాల చెరువులు లీజుకు తీసుకున్నాడు. జనం ఫంగస్ అని పిలిచే రకం చేపలు వేశాడు. వాటి మేతకు తెల్లవారుజామున మినీ లారీలో నీలం డ్రమ్ములు వచ్చేవి. పట్నాల్లో కోళ్ల దుకాణాల్లో మిగిలిన పేగులు, తలకాయలు, ఈకలు ఆ డ్రమ్ముల నిండా ఉండేవి. అలా వెయ్యకూడదని అందరికీ తెలుసు. మొదట వాసన వచ్చింది. ముక్కులు మూసుకుని కొన్నాళ్లకు అలవాటు పడ్డారు. తరువాత ఈగలు వచ్చాయి. వాటికి అలవాటు పడటం ఎవరి వల్లా కాలేదు.

బట్టలారేసే తాడు నల్లగా లావెక్కి కనపడేది. దగ్గరికి వెళితే ఒక్కసారిగా జుమ్మని లేచి తాడు సన్నబడేది. టీ కొట్టువాడు గ్లాసు మీద అట్టముక్క మూత పెట్టి ఇచ్చేవాడు. వీధిలో ఒకరింటికి పిల్లను చూసుకోవడానికి వచ్చిన పెళ్లివారు ముందు పెట్టిన లడ్డూ వంక ఒకసారి చూసి, ఉపవాసమని చెప్పి లేచిపోయారు. "మన ఊళ్లో అన్నం తినాలంటే రెండు చేతులూ కావాలమ్మా. ఒకటి తినడానికి, ఒకటి తోలుకోడానికి," అని వీధిలో నవ్వుకునేవాళ్లు. ఆ మాట విన్నప్పుడల్లా నాగూర్ బీ ఇంట్లోకి వెళ్లిపోయేది.

ఊరు ఎందుకు ఊరుకుందంటే, ఇరవై ఇళ్ల మగవాళ్లకు ఆ చెరువుల మీదే పని. వాళ్లలో ఏలీయా ఒకడు. నలభై ఏళ్ల మనిషి, చెరువుకు కాపలాదారు. తెల్లారుజామున డ్రమ్ములు దించి చెరువులో గుమ్మరించేదీ అతనే. అతని పెళ్లికి పరుపు కుట్టింది మస్తానే. అప్పటి నుంచి మస్తాన్‌ను బావ అని, నాగూర్ బీని అక్కా అని పిలిచేవాడు. మస్తాన్ భారీ మనిషి. ఆమె గాలికి ఊగే మనిషి. అతన్ని ఎత్తి కూర్చోబెట్టాలన్నా, పక్కకు దొర్లించాలన్నా ఆమె ఒక్కదాని తరం కాదు. పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి ఏలీయా వచ్చి, సబ్బుతో చేతులు కడుక్కుని, బావను ఎత్తి పట్టుకునేవాడు. ఆమె పక్కగుడ్డలు మార్చేది. మూడేళ్లలో అతను రాని రోజు లేదు.

రెండోసారి పక్షవాతం వచ్చాక నాగూర్ బీ ధైర్యం చేసి చెరువుగట్టు మీదికి వెళ్లింది. విక్రమ్ కారు దగ్గర నిలబడి ఫోన్ మాట్లాడుతున్నాడు. అయ్యేదాకా ఆగింది.

"బాబూ, మా ఆయన మంచంలో ఉన్నాడండీ. ఈగలు మొహమంతా పాకుతున్నాయి. ఆ డ్రమ్ములు ఒక్కటీ ఆపించండి బాబూ, మీకు పుణ్యం ఉంటుంది."

విక్రమ్ కసురుకోలేదు. మర్యాదగానే అన్నాడు. "ఈగలు ఎక్కడ లేవమ్మా? నా చెరువులో పుట్టాయని వాటిమీద పేరు రాసుందా?"

ఆ సాయంత్రం ఏలీయా వచ్చినప్పుడు మొహం వాడిపోయి ఉంది. బావను పడుకోబెట్టి, గుమ్మం దాకా వెళ్లి ఆగాడు.

"అక్కా, సారు నన్ను పిలిపించాడు. మీ అక్కకి నువ్వే సర్దిచెప్పుకో, లేకపోతే ఇంకో కాపలావాణ్ణి చూసుకుంటానన్నాడు. ఇద్దరాడపిల్లలక్కా నాకు. ఈ పని పోతే ఈ ఊళ్లోనే ఉండను."

అతను ఊళ్లో లేకపోతే మస్తాన్‌ను ఎత్తే చెయ్యి లేదు. ఆమె మళ్లీ గట్టు వైపు వెళ్లలేదు.

ఆ తరువాత ఆమె బతుకంతా విసనకర్రే అయింది. పగలు కూడా దోమతెర కట్టి చూసింది. కరెంటు పోతే తెరలో ఉక్కకు అతను ఎగశ్వాస పెట్టేవాడు. తెర ఎత్తితే ఈగలు. జిగురు అట్టలు పెట్టింది. పూటకో అట్ట నిండిపోయేది. వేపాకు పొగ వేస్తే అతనికి దగ్గు. అన్నం వండుకోవాలన్నా, స్నానం చెయ్యాలన్నా, బోరింగు దగ్గరికి వెళ్లి బిందె తెచ్చుకోవాలన్నా అతన్ని వదిలి వెళ్లాలి. ఆ కాసేపట్లో ఎన్ని వాలతాయో అని నీళ్లు పడుతున్నంతసేపూ ఆమె ఇంటివైపే చూస్తుండేది. తిరిగొచ్చేసరికి అతని నోటి చుట్టూ నల్లగా ముసురుకుని ఉండేవి. అతను కళ్లు గట్టిగా మూసుకుని, కదలకుండా, ఎవరో తిడుతుంటే పడుతున్నట్టు పడుకుని ఉండేవాడు.

వానాకాలం నడుస్తుండగా నడుం కింద తోలు కమిలి పుండు పడింది. ఊరి ఆరోగ్య కేంద్రంలో నర్సు శ్రీలలిత వచ్చి కట్టు కట్టడం నేర్పింది. చిన్నపిల్ల, పాతికేళ్లుంటాయి. "రోజూ మార్చండి పిన్నిగారూ, తడి ఉండనివ్వకండి, తేడాగా ఉంటే వెంటనే ఫోన్ చెయ్యండి," అని నంబరు రాసిచ్చింది. నాగూర్ బీ ఒక్క రోజూ తప్పకుండా మార్చింది.

సెప్టెంబరు చివర్లో ఒక పొద్దున కట్టు విప్పింది. పుండు అంచున తెల్లగా అన్నం మెతుకు కనిపించింది. ఇక్కడికి మెతుకు ఎలా వచ్చిందా అని వేలితో తీయబోయింది. మెతుకు కదిలింది.

ఆమె చెయ్యి వెనక్కి లాక్కుంది. వంగి చూసింది. ఒకటి కాదు. పుండు లోపల పాల పొంగులా కదులుతున్నాయి.

అరవడానికి నోరు తెరిచి, రెండు చేతులతో నోరు మూసుకుంది. ఎందుకంటే ఆ క్షణాన ఆమెకు వినపడింది తన గొంతే. ఇరవై రెండేళ్ల కిందటి గొంతు.

అప్పుడు మాఘమాసం, పెళ్లిళ్ల రోజులు. ఇరవై పరుపుల పని చేతిలో ఉంది. బందరులో అమ్మకు బాగాలేదని టెలిఫోన్ బూత్‌కు కబురొచ్చింది. ఆ కబురు మస్తాన్ విన్నాడు. ఎల్లుండికి పని తేలిపోతుంది, అప్పుడు చెబుదాం అనుకున్నాడు. ఎల్లుండికి రెండో కబురొచ్చింది. నాగూర్ బీ బందరు చేరేసరికి అమ్మను మట్టిలో పెట్టి వచ్చి అందరూ చేతులు కడుక్కుంటున్నారు. ఆ రోజు ఆమె పుట్టింటి వాకిట్లో, అందరి ముందూ, మొగుడి చొక్కా పట్టుకుని అరిచింది.

"నా ఉసురు తగిలి పురుగులు పడి పోతావ్!"

చొక్కా చిరిగినా మస్తాన్ అలాగే నిలబడ్డాడు. తరువాత వాళ్లు కలిసే బతికారు, నవ్వుకున్నారు, కూతురి పెళ్లి చేశారు. ఆ మాట ఇద్దరూ మళ్లీ ఎత్తలేదు. మరిచిపోయాననే ఆమె అనుకుంది.

ఇప్పుడు అతని ఒంట్లో పురుగులు. ఆమె నోటి నుంచి వచ్చిన మాట ఇన్నేళ్లూ ఎక్కడో తిరిగి తిరిగి ఇల్లు వెతుక్కుంటూ వచ్చి అతని మీద వాలినట్టు అనిపించింది.

ఎవరికి చెబుతుంది? పురుగులు పడ్డ మనిషంటే ఎంత పాపం చేశాడో అంటారు. ముట్టుకోడానికి వెనకాడతారు. రేపు పోతే కడగడానికి ఎవరొస్తారు? నర్సు నంబరు గోడ మీదే ఉంది. చూసి తల తిప్పుకుంది.

ఆ సాయంత్రం ఏలీయా వస్తే గుమ్మంలోనే అడ్డం నిలబడింది.

"ఇవాళ వద్దులే తమ్ముడూ. ఇప్పుడే కాస్త కునుకు పట్టింది. నేనే చూసుకుంటా."

మర్నాడూ అదే చెప్పింది. ఆ మర్నాడూ అంతే. కూతురు ఫోన్ చేస్తే, "బాగానే ఉన్నాడే, నువ్వు పసిబిడ్డను ఎత్తుకుని ఈ ఈగల్లోకి రావద్దు," అని పెట్టేసింది. తలుపు వేసుకుని, ఉప్పు నీళ్లు కాచి పోసి, జడపిన్నుతో ఒక్కొక్కటే తీసింది. పైవి నాలుగు తీస్తే లోపలివి ఇంకా లోపలికి పోయేవి. తీసినవాటిని పొయ్యిలో వేసేది. వాసన బయటికి పోకుండా అగరుబత్తీలు గుత్తులుగా వెలిగించేది. ఏలీయా రాకపోవడంతో మస్తాన్‌ను సరిగ్గా పక్కకు తిప్పే దిక్కు లేదు. తలగడలు అడ్డం పెట్టి ఎంత తోసినా మళ్లీ వెల్లకిలా జారిపోయేవాడు. పుండు ఇంకా పెద్దదైంది. మూడు రోజులకే అతని ఒళ్లు కాలిపోవడం మొదలైంది.

నాలుగో రోజు పొద్దున ఆమె పక్క ఊళ్లో ఎరువుల కొట్టుకు నడిచి వెళ్లింది.

"పురుగుల మందు కావాలండీ."

"ఏ పురుక్కమ్మా?" కొట్టాయన అడిగాడు.

"తెల్ల పురుగండీ."

"వరికా, కూరగాయలకా?"

"వరికేనండీ," అంది చివరికి.

సీసా కొంగులో చుట్టుకుని ఇంటికి వచ్చింది. గేదెల పుండ్లకు కొందరు అలాంటివి పోస్తారని విన్నది. కొంచెం పుండులో పొయ్యాలి, అంతే. సీసాలో మిగిలిన మందు సంగతి ఆమె ఆలోచించలేదు. ఆలోచించడం లేదని తనకు తాను గట్టిగా చెప్పుకుంది. తలుపు గడియ పెట్టి, మంచం పక్కన కూర్చుని, మూత తిప్పింది. ఘాటు గుప్పున కొట్టింది.

మస్తాన్ కళ్లు తెరిచాడు. సీసా చూశాడు. దాని మీది ఎర్ర గుర్తు ఏమిటో ఈ డెల్టాలో పుట్టినవాళ్లెవరికీ చెప్పనక్కర్లేదు. సీసా నుంచి చూపు తిప్పి ఆమె మొహం వంక చూశాడు.

"ఇదిగో," అన్నాడు.

"ఏంటయ్యా?"

"ఇదిగో. ఇదిగో."

పొయ్యమంటున్నాడో వద్దంటున్నాడో ఆమెకు తెలియలేదు. ముప్పై ఏళ్లు అతని పక్కన కూర్చుని పరుపులు కుట్టిన మనిషి. అతను తల ఎటు తిప్పితే ఏం కావాలో అడక్కుండా తెలిసిన మనిషి. ఈ ఒక్క మాటకు అర్థం తెలియలేదు. అతని కంటి చివర నుంచి నీళ్లు చెవి మీదికి జారాయి. ఆ తడి మీద రెండు ఈగలు వాలాయి.

ఆమె మూత బిగించి, చూరులోకి తోసేసి, చెప్పులు కూడా వేసుకోకుండా కాలవ వంతెన మీదుగా చెరువుగట్టుకు పరుగెత్తింది.

ఏలీయా గట్టు మీద డ్రమ్ములు కడుగుతున్నాడు. ఆమెను చూసి కంగారుగా లేచాడు.

"మీ బావకి పురుగులు పట్టాయి తమ్ముడూ," అంది ఆమె. "నాలుగు రోజులైంది. నీకు చెప్పలేదు. నేనే తిట్టాను ఒకప్పుడు, పురుగులు పడి పోతావని. నా నోటి మాటే తగిలింది. నేనే చంపేస్తున్నా ఆయన్ని."

ఏలీయా చేతిలో బకెట్ కింద పెట్టి ఆమె వెంట నడిచాడు. ఇంట్లోకి వచ్చి బావను పక్కకు ఎత్తి పట్టుకుని చూశాడు. చూసిన తరువాత నెమ్మదిగా పడుకోబెట్టి, వాకిట్లోకి వెళ్లి, మోచేతుల దాకా సబ్బు రుద్ది కడుక్కున్నాడు. మళ్లీ రుద్దాడు. మళ్లీ కడుక్కున్నాడు. లోపలికి వచ్చి గోడకు ఆనుకుని నేల మీద కూలబడ్డాడు.

"అక్కా, ఇవి నీ మాటకి పుట్టినవి కాదు. ఇవి ఎక్కడ పుడతాయో నాకంటే ఎవరికి తెలుసు? రోజూ డ్రమ్ము మూత తీస్తే పైన తేలేవి ఇవే."

అతనే గోడ మీది నంబరు చూసి ఫోన్ చేశాడు.

శ్రీలలిత ఇరవై నిమిషాల్లో స్కూటీ మీద వచ్చింది. మొహానికి మాస్కు కట్టుకుని, కట్టు విప్పి చూసి, "అయ్యో పిన్నిగారూ," అంది, అంతే. టర్పెంటైన్ నూనెలో తడిపిన గుడ్డ పుండు మీద పెట్టి కాసేపు ఆగింది. ఊపిరాడక పురుగులు పైకి రావడం మొదలుపెట్టాయి. ఒక్కొక్కటే పట్టకారుతో తీసి గిన్నెలో వేసింది. ఏలీయా కదలకుండా బావను పట్టుకున్నాడు. గంటన్నర పట్టింది.

"ఎందుకు చెప్పలేదండీ నాకు?"

నాగూర్ బీ దాచకుండా చెప్పింది. అమ్మ పోయిన రోజు, తన తిట్టు, మొత్తం.

శ్రీలలిత చేతి తొడుగులు తీస్తూ విన్నది. "ఈగ వాలి గుడ్లు పెడితే ఒక్క రోజులో పురుగులవుతాయండీ. దానికి మీ తిట్టుతో పని లేదు. పాపం చేసినవాళ్లని వెతుక్కుని వాలదు ఈగ. కదల్లేని మనిషి ఎక్కడున్నాడో అక్కడ వాలుతుంది." తొడుగులు గిన్నె పక్కన పెట్టి, "ముందే చెప్పుంటే ఇంత దాకా వచ్చేది కాదు. ఇప్పుడు ఆసుపత్రికి తీసుకెళ్లాల్సిందే," అంది.

గుడివాడ ఆసుపత్రిలో పద్నాలుగు రోజులున్నారు. చచ్చిన కండ కోసేశారు. ఎముక దాకా వెళ్లిందన్నారు. జ్వరం తగ్గింది గాని మస్తాన్ మునుపటి మస్తాన్ కాలేదు. కళ్లు తెరిచినా ఎక్కడో చూస్తూ ఉండేవాడు. మాట పూర్తిగా ఆగిపోయింది.

ఇంటికి తెచ్చేనాటికి ఏలీయా చెరువు దగ్గర నుంచి ఒక పాత వల తెచ్చి ఉంచాడు. చేపపిల్లల్ని పెంచే సన్న కన్నుల వల. గాలి ఆడుతుంది, ఈగ దూరదు. నాగూర్ బీ దాన్ని రెండుసార్లు ఉడకబెట్టి, ఎండబెట్టి, మంచం చుట్టూ గదిలా వచ్చేట్టు కుట్టింది. లోపల తను కూడా కూర్చునేంత చోటు. మూడేళ్ల తరువాత ఆ వలగదిలో ఆమె విసనకర్ర పక్కన పెట్టి రెండు చేతులూ ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. బయట వల మీద ఈగలు వాలి నడుస్తూ ఉండేవి.

డ్రమ్ములు మాత్రం ఆగలేదు. "నేను మానేస్తే ఇంకోడు దించుతాడక్కా," అనేవాడు ఏలీయా, ఆమె అడక్కపోయినా. ఆమె ఏమీ అనేది కాదు. ఎంతైనా రోజూ రెండుసార్లు బావను ఎత్తేది అతనే.

మస్తాన్ ఫిబ్రవరిలో నెమ్ము చేసి పోయాడు. మసీదు నుంచి పెద్దవాళ్లు వచ్చారు. నాగూర్ బీ వాళ్ల ముందుకు వచ్చి, "ఆయన్ని నేనే కడుగుతానండీ," అంది. భార్య కడగొచ్చని పెద్దాయన ఒప్పుకున్నాడు. అడ్డంగా దుప్పట్లు కట్టారు. మెహక్ నీళ్లు అందించింది. పుండు ఇంకా మానలేదు, కాని శుభ్రంగా ఉంది. తల నుంచి పాదాల దాకా ఆమె తొందర పడకుండా కడిగింది. ఆ చోటికి వచ్చినప్పుడు చెయ్యి ఆగింది.

"నన్ను మాఫ్ చెయ్యవయ్యా," అంది మెల్లగా.

నలభయ్యో రోజు ఫాతిహా ప్రార్థన అయింది. మర్నాడు తెలతెలవారుతుండగా నాగూర్ బీ కాలవ వంతెన మీద, లారీ వచ్చే దారికి అడ్డంగా చాప వేసుకుని కూర్చుంది. డ్రైవరు హారన్ కొట్టాడు, దిగి తిట్టాడు, చివరికి ఫోన్ చేశాడు. విక్రమ్ కారులో వచ్చాడు.

"మీ ఆయన పోయాడు కదమ్మా. ఇంక నీకెందుకు ఇది?"

"ఆయన పోయాడు కాబట్టే వచ్చాను బాబూ. ఇప్పుడు ఎత్తి పడుకోబెట్టే మనిషితో నాకు అవసరం లేదు. నన్ను ఆపడానికి మీ దగ్గర ఇంకేం లేదు."

వంతెన అవతల ఏలీయా నిలబడి ఉన్నాడు. అతని వంక చూడటానికి ఆమెకు ధైర్యం చాలలేదు.

ఆ రోజు లారీ వెనక్కి తిరిగింది. మర్నాడు వేరే గట్టు మీదుగా వచ్చింది. ఆ మర్నాడు ఆమె చాప ఆ గట్టు మీద ఉంది. నాలుగో రోజు చంటిబిడ్డ తల్లి ఒకామె వచ్చి పక్కన కూర్చుంది. వారం తిరిగేసరికి పదకొండు మంది ఆడవాళ్లయ్యారు. శ్రీలలిత తన పేరు కూడా రాసి అర్జీ తయారుచేసి ఇచ్చింది. ఇరవై రోజులు గడిచాక పైనుంచి అధికారులు వచ్చి డ్రమ్ములు ఫోటోలు తీసుకున్నారు. విక్రమ్ చేపలు పట్టించి, లీజు వదిలేసి వెళ్లిపోయాడు. ఇంకో మండలంలో చెరువులు తీసుకున్నాడని విన్నారు. అక్కడి ఊళ్లో ఎవరు మంచంలో ఉన్నారో నాగూర్ బీకి తెలియదు.

చెరువులు ఎండబెట్టారు. ఈగలు పోలేదు గాని పలచబడ్డాయి. ఇరవై ఇళ్ల మగవాళ్లకు పని పోయింది. వీధిలో కొందరు ఆమెతో మాట్లాడటం మానేశారు.

ఏలీయాకు నాగాయలంక దగ్గర రొయ్యల చెరువు కాపలా పని దొరికింది. సామాను ఆటోలో కట్టి, వెళ్లేముందు ఆమె గుమ్మం దాకా వచ్చాడు. లోపలికి రాలేదు.

"వెళ్తున్నానక్కా."

"పిల్లల చదువు తమ్ముడూ? ఇక్కడి బడి మాన్పించి..."

"అక్కడ బడిలో చేరుస్తా." కాసేపు నేల చూశాడు. "నీ మీద కోపం లేదని చెప్పలేనక్కా. నువ్వు చేసింది తప్పనీ చెప్పలేను."

"ఆ మాట చాలు," అందామనుకుంది నాగూర్ బీ. అనలేకపోయింది. మూడున్నరేళ్లు తన మొగుణ్ణి రోజూ రెండుసార్లు ఎత్తిన చేతులవి. ఆ చేతుల పని తనే తీసేసింది.

"అక్కడ రొయ్యలే అక్కా," అన్నాడు ఏలీయా మళ్లీ. "మేత బస్తాల్లో వస్తుందట. డ్రమ్ములు ఉండవంట."

ఆటో కదిలింది. మంచం కోళ్లు, వంట గిన్నెలు, ఇద్దరాడపిల్లలు. అది బందరు రోడ్డు ఎక్కేదాకా నాగూర్ బీ వీధిలోనే నిలబడింది. ఏలీయా భార్య ఒక్కసారి కూడా ఇటు తిరిగి చూడలేదు.